ఫ్లాపీలో దాచిన దర్రీ

మా ఇంటి ముందుగదిలో మనుషులు కూర్చునే చోటు తక్కువ. నాలుగు పాత కంప్యూటర్లు, రెండు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, అట్టపెట్టెల నిండా ఫ్లాపీలు. హనుమకొండలో మా సుబేదారి వైపు పనిమీద వచ్చిన చుట్టాలు గుమ్మంలో నిలబడే నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్లిపోతారు.

పాత సామాను మీద మోజుతో ఇవన్నీ పోగేశానని వాళ్లు అనుకుంటారు. అసలు సంగతేమిటంటే నాకు కొత్త సామాను మీద నమ్మకం లేదు. నా పాత మెషీన్ ఏం చేస్తున్నా చప్పుడు చేసి మరీ చెబుతుంది. ఫ్లాపీ చదువుతుంటే గరగరమంటుంది. చదవలేకపోతే నా వల్ల కాదని తెర మీద రాస్తుంది. చేతిలోని ఫోను అలా కాదు. నోరు మెదపకుండా ఏదో చేసుకుంటూ పోతుంది. పొద్దున లేచేసరికి 'మెరుగుపరిచాం' అంటుంది. ఏం మెరుగుపరిచారో, నన్నెందుకు అడగలేదో చెప్పదు. నిన్న ఉన్న బటన్ ఇవాళ కనిపించదు. ఇంట్లో మనిషెవరైనా రాత్రికి రాత్రి సామానంతా ఇలా సర్దేస్తే ఊరుకుంటామా?

ఆటోల సంగతీ అంతే. ఫోనులో పిలిచిన ఆటో ఎక్కితే డ్రైవరు రోడ్డును చూడడు, ఫోనును చూస్తాడు. ఎడమకు తిప్పు బాబూ అంటే, "మ్యాపుల గట్ల లేదు సార్" అంటాడు. చిన్నప్పటి నుంచి నేను తిరుగుతున్న సందు మ్యాపులో లేదు కాబట్టి భూమ్మీదే లేదన్నమాట. పైగా నేనెక్కడ ఎక్కానో, ఎక్కడ దిగానో ఆ ఫోనులో ఎవరు రాసుకుంటున్నారో తెలియదు. అందుకే నేను సిటీ బస్సు ఎక్కుతాను. బస్సు ఎక్కడికి పోతుందో కండక్టరు అరిచి చెబుతాడు. తప్పు బస్సు ఎక్కితే తిట్టి దింపేస్తాడు. అందులో దాపరికం ఏమీ లేదు.

ఇక భాష. నేను ఫోనులో 'వస్త' అని రాస్తే అది 'వస్తాను' అని దిద్దుతుంది. 'ఫికర్ చేయకు' అని రాయబోతే ముందే ఇంకేదో మాట అందిస్తుంది. నా నోట్లో మాట పూర్తికాకముందే లాక్కునేవాళ్ల మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఈ అనుమానాల చిట్టా అంతా ఇప్పుడెందుకంటే, వీటివల్ల పోయినేడు మా ఇంటి ఆడపిల్ల ఒకతి ఏడ్చింది. ఆ ఏడుపుకు కారణం నేను.

చాలా ఏళ్లు నేను హనుమకొండలో డీటీపీ సెంటర్ నడిపాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, సంఘాల లెటర్‌హెడ్లు కొట్టేవాణ్ని. మా అక్కను కొత్తవాడలో ఇచ్చారు. బావ నేల మీద పరిచే నూలు దర్రీలు నేసేవాడు. డిజైన్లలో ఆయనది అందెవేసిన చేయి. వాళ్లింట్లో నేసే పద్ధతి నాకు చూడముచ్చటగా ఉండేది. అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మగ్గం ముందు వరసగా కూర్చునేవారు. బావ వెనక ముక్కాలి పీట మీద కూర్చుని డిజైన్ పలికేవాడు. "ఎరుపు ఏడు, తెలుపు మూడు, నలుపు ఒకటి" అని ఒక్కో వరసకు ఎన్ని పోగులు ఏ రంగులో పోవాలో చెబుతుంటే, వాళ్లు వింటూ నేసుకుపోయేవారు. కాగితం ఉండేది కాదు. అంతా ఆయన బుర్రలోనే.

ఆ డిజైన్లన్నిట్లోకీ ఎనిమిది రేకుల పువ్వు ఒకటి బావ ప్రత్యేకంగా అక్క కోసం కట్టినది. దాన్ని ఒకే ఒక్కసారి నేశారు. ఆ దర్రీ ఎవరో కొనుక్కుపోయారు. మళ్లీ నేసుకోవచ్చులే అని అక్క ఊరుకుంది. కనీసం డిజైన్ అయినా భద్రంగా ఉండాలని నేనే బావను పట్టుబట్టి, వరసగా నాలుగైదు మధ్యాహ్నాలు నా సెంటర్లో కూర్చోబెట్టాను. ఆయన పలుకుతుంటే నేను టైపు చేశాను. ఒక కాపీ మెషీన్లో, ఇంకొకటి ఫ్లాపీలో. ఒక ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ ప్రింటు తర్వాత చెదలపాలైంది. కొన్నేళ్లకు బావ కూడా పోయాడు.

పోయినేడు అక్క ఇల్లు కూలగొట్టి కట్టాలనుకున్నారు. కొత్త ఇంట్లో మగ్గానికి చోటు లేదు. మగ్గం విప్పేలోపు ఆ పువ్వు దర్రీ ఒక్కటి నేయాలని అక్క కోరిక.

"తమ్మీ, నా కండ్లు గూడ మస్తు మసకగైనయ్. గిదొక్కటి నేస్తే సాలు. నీ డబ్బాల ఉన్నదంటివి గద, తీయరాదు?" అంది.

తీద్దామంటే ఆ మెషీన్ లేవలేదు. లోపలి కరెంటు డబ్బా, ఎస్ఎంపీఎస్ అంటారే, అది కాలిపోయింది. అలాంటిది బజారులో దొరకడం మానేసి చాలా కాలమైంది. మిగిలింది ఫ్లాపీ. మా మేనకోడలు, అంటే ఆ అక్క బిడ్డే, మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తుంది. ఫ్లాపీ చదివే చిన్న పరికరం తన దగ్గరుందని ఫోన్ చేసింది. ఈ పిల్లల చేతిలో ఒక వస్తువు పెడితే ముందు దాన్ని మారుస్తారు, ఆ తర్వాతే చూస్తారు. అయినా గత్యంతరం లేక ఫ్లాపీని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో మడికొండ వెళ్లాను. ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పాత ఫాంటులో కొట్టిన తెలుగును కొత్త కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. మేనకోడలు రెండు ఆదివారాలు కష్టపడి, ఏ గీత ఏ అక్షరమో జతకూర్చే చిన్న ప్రోగ్రాం రాసి, అంతా చదివే తెలుగులోకి మార్చింది. ప్రింటు నా చేతికిచ్చింది. కాగితం ఇంకెవరి చేతికీ ఇవ్వడం ఇష్టంలేక, నేనే పలుకుతానని మగ్గం వెనక పీట మీద కూర్చున్నాను. అక్క, పక్కింటి వదిన మగ్గం ముందు కూర్చున్నారు.

మొదటి మూడు రోజులు బాగానే సాగింది. పువ్వు కింది రేకులు విచ్చుకుంటూ వచ్చాయి. నాలుగో రోజు అక్క చేయి ఆపి నా వైపు తిరిగింది.

"తమ్మీ, ఆగుడు లేదా? మీ బావ మధ్యమధ్యల ఆపేటోడు."

"అలసిపోతే ఆగక్కా, ఎవరొద్దన్నరు?"

"నాకు కాదురా. డిజైన్లనే ఆగుడుంటది."

కాగితంలో అలాంటిదేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆ రోజు సాయంత్రానికి పువ్వు సగంలో తెగిపోయింది. కింది రేకులకు పైన జంట రేకులు రాలేదు. సగం పువ్వు మీద ఇంకేదో అంచు వచ్చి కూర్చుంది. అక్క దాన్ని చేత్తో తడిమి చూసింది. నాకు మాత్రం క్షణంలో అంతా తేటతెల్లమైనట్టు అనిపించింది. మేనకోడలి ప్రోగ్రాం వరసలు మింగేసింది.

ఆమె ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. బ్యాగు కూడా దించకముందే మొదలుపెట్టాను. "ఏడేడ తీసేసినవో చెప్పు."

"నేనేం తీయలేదు మామా. ఒక్క అక్షరం గూడ పోలే. లెక్కబెట్టి చూసిన."

"లెక్కబెట్టింది గూడ నీ కంప్యూటరే గద. మీ నాయన ముప్పై ఏండ్లు బుర్రల దాసిండు, ఏం గాలే. నీ చేతికొచ్చిన పదిహేను రోజులల్ల పాడైంది."

ఆ మాట అనకూడదు. అన్నాను. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని బ్యాగుతోనే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అక్క నేసింది విప్పుతూ కూర్చుంది. అది చూస్తూ కూడా నాకు బుద్ధి రాలేదు. నా మాటే నిజమని నిరూపించాలనే పట్టుదల పెరిగింది. తర్వాతి నెలంతా పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరిగాను. చివరికి మూలపడ్డ ఒక మెషీన్‌లోంచి నాకు కావలసిన ఎస్ఎంపీఎస్ దొరికింది. ఇంటికి తెచ్చి బిగించి స్విచ్ వేశాను. గరగరమని లేచింది. ఇంతకాలం ఎవరూ ముట్టని అసలు ఫైలు తెరిచి, మేనకోడలిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని వరస వరసా పోల్చాను.

రెండూ ఒక్కటే. అక్షరం తేడా లేదు.

అదే డైరెక్టరీలో ఇంకో చిన్న ఫైలు కనిపించింది. బావ మొదటి రోజు పలికింది పలికినట్టు కొట్టిన చిత్తుప్రతి, ఒక్క పేజీ. అందులో వరసల మధ్య ఇలా ఉంది. 'జర నీళ్లు తాగు.' ఇంకొన్ని వరసల తర్వాత, 'ఇగ చాయ్ తాగు, చాయ్ తాగి ఇంటికి పో.'

అది చదువుతుంటే ఆ మధ్యాహ్నం యాదికొచ్చింది. రెండో రోజు పొద్దున నేను ఆ మాటలన్నీ తీసేశాను. డిజైన్ మధ్యలో చాయ్ ఏమిటి, నీళ్లేమిటి అనుకున్నాను. ఊసుపోని ముచ్చట అనుకున్నాను. అక్కడినుంచి బావ ఏ ముచ్చట పలికినా నా వేళ్లు ఆపేసి, అంకె రాగానే మళ్లీ కొట్టాను. అచ్చులో అలాంటి మాటలు ఉండకూడదని నాకు గట్టి పట్టింపు ఉండేది. కార్డులు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ల మాటలు కూడా అలాగే శుభ్రం చేసేవాణ్ని.

ఆ పేజీ ప్రింటు తీసుకుని, మెషీన్ ఆపకుండానే మడికొండ బస్సెక్కాను. ఆఫీసు గేటు దగ్గర మేనకోడలిని పిలిపించి, "చెడగొట్టింది నేనే బిడ్డా, నువ్వు కాదు. నన్ను మాఫ్ చెయ్" అన్నాను. ఆమె బండి తాళం తీసి, "పా మామా, అమ్మకు చెప్దాం" అంది. ఆమె బండి మీద వెనక కూర్చుని కొత్తవాడ వెళ్లాను.

చిత్తుప్రతిలో ఉన్నది చదివి వినిపించగానే అక్క తల ఊపింది.

"గదే ఆగుడంటే. నీళ్లు తాగు అంటే ఆ వరసనే ఇంకో రెండుసార్లు నేయాలె. చాయ్ తాగి ఇంటికి పో అంటే వచ్చిన వరసలన్ని ఎనకకు నేసుకుంట పోవాలె. గట్లనే పువ్వు సగం రెండో సగమైతది. మీ బావోళ్ల నాయన గట్లనే పలికేటోడట."

"మిగిలినయి ఏడేడ ఉంటయో నీకు యాదికున్నదా అక్కా?"

"నేను విన్న, నేసిన. ఏడ ఆపేటోడో నాకేం యాదుంటది? ఒకటో రెండో అందాజుగ పెడదాం. అచ్చం గదే పువ్వైతే రాదు."

మేనకోడలు తల్లి పక్కన కూర్చుని, కాగితం మీద పెన్నుతో ఆ ఆగుళ్లు ఎక్కడ పడతాయో గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది. నాకు ఉండబట్టలేక, అప్పుడు ప్రింటు బావ చేతిలో పెట్టాను కదా, ఆయన చూసుకోలేదా అని అడిగాను.

"చూడకేం," అంది అక్క. "ఆ పొద్దే చూసిండు. నా మాటలన్ని పాయెనే అన్నడు. తమ్మిని అడుగు మరి అన్న నేను. ఆయినె నవ్విండు. సదువుకున్నోడు, ఏదో తెల్సే తీసుంటడు, మన తమ్మినే అడుగుతమా అన్నడు. కాగితం మడత పెట్టి సందుగు పెట్టెల దాసిండు."

అక్క మగ్గం వైపు తిరిగింది. మేనకోడలు మొదటి వరస పలికింది. నా జీవితంలో నేను ఎవరినైనా అలా అడగకుండా నమ్మానా అని వెతుక్కుంటూ పీట పక్కన నేల మీద చాలాసేపు కూర్చున్నాను. ఒక్క పేరూ తట్టలేదు.