లేగను విప్పినవాడు

సత్తయ్యది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి ఊరు. కొంత వరి పొలం, ఒక జత ఎడ్లు, భార్య పుష్పమ్మ. మెత్తని మనిషి. ఎండాకాలంలో ఎండిన గడ్డివాము చూస్తే మాత్రం చెయ్యి అగ్గిపెట్టె కోసం తడుముకునేది. ఒకసారి తన వాముకే నిప్పు పెట్టుకున్నాడు. మరుసటేడూ అంతే. చుట్ట నిప్పు పడిందని పుష్పమ్మ ఊరికి చెప్పుకుంది.

1969 ఎండాకాలంలో పొరుగింటి నాగయ్య వాము కాలింది. గాలికి మంట ఆయన పశువుల కొట్టం మీదికి, ఇంటి మీదికి పాకింది. సత్తయ్య పారిపోలేదు. అక్కడే నిలబడి చూస్తూ దొరికాడు.

"నా మీద ఏం పగరా నీకు?"

"పగేం లేదు మామా. చెయ్యి ఆగలే."

"ఆగకుంటె నరుక్కోవాలె."

సంగారెడ్డిలో వకీలు రాజారావు పుష్పమ్మను కోర్టు వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు. "ఆపుకోలేకపోయాడంటే చట్టానికి చాలదమ్మా. చేసేది తప్పని ఆ క్షణాన తెలియలేదని తేలాలి. తేలితే జైలు తప్పుతుంది. పిచ్చాసుపత్రికి పంపుతారు."

"ఆడ నయం జేస్తరా సారూ?"

"ప్రయత్నం చేస్తారు."

ఆ ఒక్క మాట పట్టుకుని పుష్పమ్మ బోనెక్కింది. తమ వాములు సత్తయ్యే కాల్చిన సంగతి దాచకుండా చెప్పింది. జడ్జి శ్రద్ధగా రాసుకున్నాడు.

సర్కారు వకీలు లేచాడు. "కొట్టంలో పశువులుంటాయని తెలుసు. అయినా కాల్చాడు. జాలి లేని మనిషి."

పుష్పమ్మ ఓర్చుకోలేకపోయింది. "జాలి లేదనకు సారూ. ఎడ్లు చేన్ల ఉండె. లేగ ఒక్కటే ఉండె కొట్టంల. అది కాలుతదని ముందుగాల దాన్ని ఇప్పి బాయి కాడికి తోలిండు. అటెన్కనే అగ్గి పెట్టిండు. నాకు ఆయనే చెప్పిండు."

రాజారావు కళ్లు మూసుకున్నాడు. కావలసింది దొరికిందని సర్కారు వకీలు కూర్చున్నాడు.

లేగ కాలుతుందని తెలిసినవాడికి ఇల్లు కాలుతుందనీ తెలుసు, అది తప్పనీ తెలుసు అన్నాడు జడ్జి. చెయ్యి ఆగకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. ఐదేళ్ల జైలు వేశాడు.

సత్తయ్యను పోలీసు జీపు ఎక్కించే ముందు పుష్పమ్మ అతని దగ్గరికి పోయింది. "నేను నీ మంచే చెప్పిన."

"ఉన్నదే చెప్పినవ్" అన్నాడు సత్తయ్య. "ఐదేండ్లైనంక మల్ల ఎండకాలమే గద" అన్నాడు.



మరుసటి వేసవిలో, సత్తయ్య జైల్లో ఉన్నాడన్న ధైర్యంతో, ఊళ్లో ఎవరూ వాములకు కాపలా పడుకోలేదు.