అయిదుతో భాగించమన్నారు

మోకాళ్లు అరిగిపోయాయని, ఇక చేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరగొద్దని డాక్టరు చెప్పాక ఇంటిపట్టునే ఉండాల్సి వచ్చింది. మాది సముద్రం ఒడ్డు పల్లె. ఉప్పుగాలికి ఇస్త్రీ పెట్టెలు, మోటార్లు ఇట్టే తుప్పు పట్టేస్తాయి. బాగుచేసేవాళ్లు మాత్రం ఊళ్లో లేరు. ఇందుకూరుపేటలో ఆడవాళ్లకు కరెంటు సామాన్ల రిపేరు నేర్పుతున్నారని మా కోడలు తెలుసుకుని వచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, ఇంటర్ చదివింది. ఒక్కదాన్నే పంపడం ఇష్టంలేక, “నేనూ నేర్చుకుంటా పద” అన్నాను. ఆ మాటలో అత్తగారి పెత్తనం ఉంది తప్ప భయమేమీ లేదు.

మొదట్లో బాగానే సాగింది. వైరు తొక్క తీయడం, స్క్రూలు బిగించడం నాకు తేలిగ్గా పట్టుబడ్డాయి. వలలు అల్లిన చేతులు కదా. పక్కనున్న ఆడపిల్లలు నా చేతుల్ని చూసి నేర్చుకుంటుంటే, చూశావా అన్నట్టు కోడలి వైపు చూసేదాన్ని.

తర్వాత లెక్కలు మొదలయ్యాయి.

“కరెంటును వెనక నుంచి తోసేది వోల్టేజి. పారే కరెంటును ఆంపియర్లలో కొలుస్తాం. అది పారకుండా తీగ అడ్డం పడతాది చూడండి, అది రెసిస్టెన్స్, దాన్ని ఓముల్లో కొలుస్తాం. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఎన్ని ఓములో వచ్చేస్తాది” అని మేడం బోర్డు మీద రాసింది. “ఒక ఇస్త్రీ పెట్టె రెండు వందల ముప్పై వోల్టుల మీద అయిదు ఆంపియర్లు తీసుకుంటా ఉంది. దాని రెసిస్టెన్స్ ఎంత? అక్కా, మీరు రండి.”

నేను నాలుగో తరగతిలోనే బడి మానేశాను. చదవడం మాత్రం మానలేదు, దొరికిన వారపత్రికనల్లా వదలకుండా చదివేదాన్ని. కూడికలూ గుణకారాలూ గంప మోసిన రోజుల్లో నోటికే చేసేదాన్ని. భాగహారం ఒక్కటే రాదు. చాక్‌పీసు పట్టుకుని వచ్చిందే చేశాను. గుణించి, పదకొండు వందల యాభై అని రాశాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం నవ్వలేదు.

“గుణించినారా అక్కా? ఇది రెసిస్టెన్స్ కాదు. కానీ ఈ లెక్కా మనకు కావాల్సిందే. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే పవర్ వస్తాది. ఈ పెట్టె పదకొండు వందల యాభై వాట్లది అన్నమాట. సరే, ఇప్పుడు భాగించండి.”

ఆమె అంత మర్యాదగా అనేసరికి ఇంకా కుంచించుకుపోయాను. అందరూ నా వీపునే చూస్తున్నట్టు అనిపించింది.

“కళ్లజోడు తేలేదు మేడం. మసగ్గా ఉండాది” అన్నాను.

కోడలు వెంటనే లేచింది. “అవును మేడం, అత్తకు దగ్గరవి కనపడవు. నేను వేస్తాను.”

నాకు కళ్లజోడే లేదు. ఆ పొద్దున ఆ పిల్ల జాకెట్టు కుట్టుకుంటుంటే సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది నేనే. అయినా నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకుని, చకచకా నలభై ఆరు ఓములు అని రాసి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

ఇంటికి వచ్చాక పులుసులో ఉప్పెక్కువైందని ఆ పిల్లను నానా మాటలు అన్నాను. పులుసు బాగానే ఉంది. నా కొడుకు మళ్లీ అడిగి వేయించుకున్నాడు.

మర్నాడు పొద్దున, “మోకాలు లాగతా ఉంది, నువ్వు పో” అన్నాను.

ఆమె సంచి గోడకు తగిలించేసింది. “నువ్వు రాకుంటే నేనూ పోనత్తా.”

“నీకు బాగా వస్తా ఉందిగా, నీకేమైంది?”

“నిన్నొక్కదాన్ని ఇంట్లో పెట్టి పోతే నాకు మనసొప్పదు.”

నా సిగ్గు కోసం ఆమె చదువు ఆగిపోవడం నాకు నచ్చలేదు. మొహం గోడ వైపు తిప్పుకుని చెప్పాను. “నాకు భాగించడం రాదే.”

“తెలుసత్తా” అంది. లోపలికెళ్లి చాక్‌పీసు తెచ్చి వరండా గచ్చు మీద కూర్చుంది. “ఇరవై మూడులో అయిదు ఎన్నిసార్లు పోతాదో చెప్పు.”

ఆ రోజు ఇద్దరం క్లాసుకు పోలేదు. నాలుగుసార్లు పోతుంది, మూడు మిగులుతుంది, పక్కన సున్నా దించుకోవాలి. ఆ సున్నా ఎందుకు దించాలో ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు. పక్కింటామె బిందెతో వస్తుంటే గచ్చు మీద అంకెల్ని చీర చెంగుతో గబుక్కున తుడిచేశాను. ఆమె పోయాక కోడలు కసురుకోకుండా మళ్లీ మొదటి నుంచి వేసింది.

క్లాసుల చివర్లో పరీక్ష పెట్టారు. అదే వోల్టేజికి నాలుగు ఆంపియర్లు ఇచ్చి రెసిస్టెన్స్ అడిగారు. అందరూ రాసిచ్చి వెళ్లిపోయారు. నేను యాభై ఏడు దాకా వచ్చి ఆగిపోయాను. రెండు మిగిలింది. దాన్ని ఏం చేయాలో మేము గచ్చు మీద నేర్చుకోలేదు. మేడం కుర్చీలో ఓపిగ్గా కూర్చుని ఉంది. వాకిట్లో కోడలు నిలబడి ఉంది. మా బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. “యాభై ఏడు ఓములు, పైన కొంచెం” అని రాసి, కాగితం బోర్లా పెట్టి ఇచ్చాను.

మేడం తిప్పి చూసింది. “ఆ కొంచెం అర ఓము అక్కా. లెక్క సరిగ్గానే చేసినారు” అంది.

సంతోషపడాల్సిందే. కానీ అంత చిన్న లెక్కకు ఇద్దర్ని అంతసేపు ఆపేశానే అని తల వంచుకునే బయటికి వచ్చాను. కోడలు నా చేతిలో సంచి అందుకుని, “ఆటోలో పోదాం పా అత్తా” అంది. ఆ రోజు పులుసు బాగానే ఉందని ఆ దారిలోనైనా చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.