అహోబిలం రోడ్డులో ఆమెకేం పని

మా ఆటల మేడమ్ పోయింది. పోయిన ఆదివారం పొద్దున ఆరు గంటలకు, ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే రోడ్డు మలుపులో, ముందున్న బస్సును దాటబోయిన యాత్రికుల జీపు ఒకటి ఎదురుగా వస్తున్న ఆమె సైకిలును గుద్దింది. నేను నంద్యాలలో ఉన్నాను. ఫోన్ చేసిన మా అమ్మ మొదట చావు సంగతి చెప్పలేదు. "ఆయమ్మికి అహోబిలం రోడ్డులో ఏం పని మే, అంత పొద్దున?" అని అడిగింది. ఆ తర్వాత ఏడ్చింది.

ఆ ప్రశ్న నేను బస్సు దిగేసరికి ఊరంతా తిరుగుతోంది. ఆస్పత్రి వరండాలో అదే, సమాధుల దోవలో అదే, బడిలో పెట్టిన సంతాప సభలో టీ గ్లాసులు పట్టుకుని కూడా అదే. సీట్లకు రెండింతల మందిని ఎక్కించుకుని, వెనక ఇద్దరిని వేలాడదీసుకుని, మలుపులో బస్సును దాటాల్సినంత తొందర పని ఆ జీపుకు ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు. జీపు రోడ్డు మీద ఉండటం సహజం. సైకిలు మీద నలభై నాలుగేళ్ల ఆడమనిషి ఉండటమే వింత.

మరునాడు పేపర్లో, జిల్లా పేజీ కింది మూలలో, నాలుగు వాక్యాల వార్త వచ్చింది. పక్క ఊర్లో ప్రార్థనకు సైకిలుపై వెళ్తుండగా ఉపాధ్యాయురాలు మృతి చెందిందట. మూడుసార్లు చదివాను. ఆమె ప్రార్థనకు పోవడం లేదు. ఆ దారిలో ఆమె ఎరిగిన చర్చి ఎక్కడా లేదు. ఇది రాయడానికి కూర్చున్నది ఆ నాలుగు వాక్యాల మీద కోపంతోనే. కోపం తగ్గాక రాస్తే ఇంకొంచెం బాగుంటుందేమో, కానీ తగ్గేదాకా ఆగడం నాకు ఇష్టం లేదు.

తొంభైల మధ్యలో, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె మా బడికి వచ్చింది. అప్పటిదాకా ఆటల పీరియడంటే లెక్కల సారు మిగిలిపోయిన పాఠం ముగించుకునే పీరియడు. రెండో వారంలోనే ఆమె మెడలో ఈలతో మా గుమ్మం దగ్గర నిలబడి, "సార్, నా పిల్లల్ని నాకియ్యండి" అంది. గొంతు పెంచలేదు. ఆయన బోర్డు మీద సగం రాసిన లెక్కను చూపించాడు. లెక్క అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడి, అవగానే మమ్మల్ని తీసుకుపోయింది. ఆ ఏడాదంతా ప్రతి వారం అలాగే వచ్చి నిలబడింది. చివరికి ఆమె నీడ గుమ్మంలో పడగానే సారే సుద్దముక్క కింద పెట్టేవాడు.

మాకు పరిగెత్తడం వచ్చేది కాదు. ఓణీ ఒక చేత్తో, లంగా ఇంకో చేత్తో పట్టుకుని గబగబా నడిచేవాళ్లం. "కాళ్లు యాడ పెట్టొచ్చినావు మే, ఇంట్లోనా?" అని గ్రౌండు అవతలి నుంచి కేక వేసేది. ఓణీ తీసి నడుముకు బిగించి కట్టి, "చూసేవాడు చూస్తాడు. కండ్లు వాడివి, కాళ్లు నీవి" అంది నాతో ఒకసారి. పోటీకి పోయే ముందు మేం వణుకుతుంటే అనే మాట ఒకటే. "గెలిచేది వేరేవాళ్లు చూసుకుంటారు. నువ్వు గీత దాటు." నేను జీవితంలో ఏ పరుగులోనూ మూడో స్థానం కూడా తెచ్చుకోలేదు. కానీ గీత దాటకుండా ఎప్పుడూ ఆగలేదు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పనిచేసే అన్న ఇంట్లో ఉండేది. నేను నంద్యాలలో డిగ్రీ చదివి, అక్కడే బ్యాంకు పరీక్షల కోచింగులో చేరి, ఒక పరీక్ష తప్పి ఇంకో పరీక్షకు కడుతూ ఉన్నప్పుడు, నిరుడు, ఆమె పేపరు ముక్క ఒకటి మడిచి పట్టుకుని వచ్చింది. నెట్ సెంటరుకు తీసుకుపొమ్మంది. అందులో ఉన్నది చెన్నై అవతల జరిగే ఒక పోటీ. రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత, వెంటనే తొంభై కిలోమీటర్లు సైకిలు, వెంటనే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఎవరైనా చేరవచ్చు. వయసు అడ్డు లేదు. నేను తెర మీద చదివి చెబుతుంటే నా కంటే ముందు ఆమె నవ్వింది. "ఈ మూడూ వచ్చినవే కదా మే. వేరేవేరే రోజుల్లో చేస్తాండాము, ఒకే దినం చేస్తే పాయె."

ఫారం నేనే నింపాను.

వాళ్లన్న డిపోలో తెలిసినవాళ్ల దగ్గర వంపు హ్యాండిలు సైకిలొకటి పాతది సంపాదించి, విప్పి, మళ్లీ బిగించి ఇచ్చాడు. శనివారాలు ఆమె ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు తొక్కుకుని వచ్చేది. మా కోచింగు సెంటరు ముందు సైకిలు ఆనించి, చెనిక్కాయల ఉండ ఒకటి నమిలి, బాటిలెడు నీళ్లు తాగి, తిరిగి తొక్కుకుని పోయేది. ఒకరోజు తరగతి మగపిల్లలు కిటికీలోంచి చూసి నవ్వుతూ ఆ ట్రాక్‌ ప్యాంటు ఆంటీ ఎవరని నన్నడిగారు. మా ఊరామె అన్నాను. మా టీచరు అనలేదు. చేయి ఊపుతున్న ఆమెకు కనిపించకుండా పక్కకు జరిగాను కూడా. ఊరి మీద ఇంత కోపం చేసుకుంటున్నదాన్ని, ఇది దాచి మిగతాది చెప్పలేను.

ఈత మాత్రం కె.సి. కాలవలోనే. మా వైపు ఈత నేర్చిన ప్రతివాళ్లూ కాలవలోనే నేర్చారు. వంతెన మీంచి దూకడం, నీళ్లతో పాటు కిందికి ఈదడం, అలసినచోట గట్టెక్కి నడిచి రావడం. ఆమె పాత చుడీదారు వేసుకుని, ప్యాంటులో నీళ్లు చేరి ఉబ్బకుండా చీలమండల దగ్గర రబ్బరు బ్యాండ్లు బిగించి, ఆదివారం పొద్దున్నే దిగేది. నేను ఆమె చెప్పులు, తువ్వాలు, గడియారం పెట్టుకుని గట్టు మీద సైకిలు తొక్కుతూ పక్కనే పోయేదాన్ని. వంతెన నుంచి తూము దాకా దూరం వాళ్లన్న మోపెడ్ మీటరుతో కొలిచి పెట్టాడు. పోటీలో ఉన్నంతే. డిసెంబరు కల్లా ఆమె ఆ దూరాన్ని ముప్పై నాలుగు నిమిషాల్లో ఈదుతోంది. పోటీవాళ్లు ఈతకిచ్చిన గడువు గంటా పది నిమిషాలు. మిగిలిన సమయంలో కూర్చుని ఇడ్లీ తినొచ్చని ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిబ్రవరిలో ఇద్దరమే చెన్నై పోయాం. ఈత పెట్టింది ఒక పెద్ద చెరువులో. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒంటికి అతుక్కున్న నల్ల సూట్లు వేసుకున్న వాళ్ల మధ్య ఆమె రబ్బరు బ్యాండ్లతో దిగింది. ముప్పై నాలుగు నిమిషాలకు నేను తువ్వాలు విప్పి ఒడ్డున నిలబడ్డాను. సూట్లవాళ్లు వచ్చారు, పోయారు. యాభై నిమిషాలైంది. గంటైంది. గంటా పది నిమిషాలకు ఈల ఊదారు. దూరంగా నీళ్లలో ఒక్క చేయి లేస్తూ పడుతూ ఉంది. గంటా పదిహేను నిమిషాలకు ఆమె ఒడ్డెక్కింది.

టోపీ పెట్టుకున్న నిర్వాహకుడొకాయన ఆమె నంబరు విప్పించి తీసుకున్నాడు. సైకిలు దగ్గరికి పోనివ్వలేదు. నేను అరిచాను. ఐదు నిమిషాలే కదా అన్నాను, ఆమె సైకిలు ఎట్లా తొక్కుతుందో తెలుసా అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. ఆయన ఇంగ్లిషులో రూలు చదివాడు. మేడమ్ ఊపిరి తీసుకుంటూ నా చేయి పట్టుకుంది.

"అరవొద్దు మే. ఆయప్ప తప్పేం లేదు. ఈ నీళ్లు పోవు. నిలబడుకోనుండాయి."

నాకు అర్థం కాలేదు.

"ఇన్నాళ్లూ సగం ఈదింది నేను కాదు మే. కాలవ."

తర్వాత ఆయనను ఒక్కటే అడిగింది, వచ్చే ఏడు కూడా ఈడనే పెడతారా సార్ అని.

తిరుగు బస్సులో నా సంచిలో కోచింగు పుస్తకం ఉంది. పడవలు, ప్రవాహాలు అని ఒక పాఠం. ప్రవాహ దిశలో పడవ వేగం ఇంత, ఎదురుగా పోతే ఇంత, నిలకడ నీటిలో ఎంత? ఆ డిసెంబరులోనే అలాంటి లెక్కలు నలభై చేశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. ఆదివారం గట్టు మీద సైకిలు తొక్కుతూ, కళ్ల ముందు పారుతున్న కాలవను, అందులో ఈదుతున్న మనిషిని చూస్తూ, ఆ లెక్క ఒక్కసారి గుర్తు రాలేదు. భౌతికశాస్త్రంలో డిగ్రీ పట్టా కూడా ఉంది నా దగ్గర. ఊరికొచ్చిన మరునాడు వంతెన మీంచి ఒక వేపకొమ్మను కాలవలో పడేసి, గడియారం పట్టుకుని దాని పక్కన సైకిలు తొక్కాను. చేతులూ కాళ్లూ లేని ఆ కొమ్మ గంటా ఐదు నిమిషాల్లో తూము చేరింది. గడువుకు ఐదు నిమిషాలు ముందే.

ఆమెకు చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. పడీ పడీ నవ్వింది. "కొమ్మను పంపించింటే పోయేది మే, చెన్నైకి" అంది. నవ్వు ఆపుకుని నా వైపు తిరిగింది. "నిన్ను కాదు అనాల్సింది. ఇన్నేండ్లుగా పిల్లోళ్లకు ఈత నేర్పిస్తాండా. నీళ్లకు ఎదురీదండి అని ఒక్కరికీ చెప్పల్యా."

అందుకని ఈ ఏడు మళ్లీ ఫారం నింపాం. ఫిబ్రవరిలో పోవాలి. ఆదివారం ఆమె చీకటితోనే బయలుదేరి అహోబిలం దాకా పోయి వస్తోంది. ఇంటికి ఇంకో పది కిలోమీటర్లుంది. అదీ ఆమెకు ఆ రోడ్డులో ఉన్న పని. వెళ్లని ప్రార్థనకు ఆమెను పంపినవాళ్లు ఆ పనిని ఆమె దగ్గర్నుంచి లాక్కున్నారు.

పంపింది ఎవరో మూడో రోజున తెలిసింది. వాళ్లన్నే. ఇంటి వసారాలో, చక్రం వంగిన సైకిలు పక్కన కూర్చునున్నాడు. అడగకూడని సమయమని తెలిసీ అడిగాను. ఆయన తల ఎత్తలేదు.

"పేపరాయనకు నేనే చెప్పినా పాపా. ప్రార్థన అంటే ఎవురూ మళ్లీ అడగరు."

నిజం చెప్పాల్సిందన్నాను. పోటీ ఉందని, దానికోసం తొక్కుతోందని.

"చెప్తే నవ్వుతారు. బతికున్నప్పుడు నవ్వినారు, అది వేరే. శవం ముందర నవ్వితే నేను చూళ్లేను."

ఆయన వేళ్ల గోళ్లలో ఇంకా నల్లటి గ్రీజు ఉంది. శనివారం సాయంత్రం ఆ సైకిలు చైనును కిరసనాయిలుతో తుడిచి నూనె పెట్టింది ఆయనే. ప్రతి శనివారం ఆయనే. చెల్లెలు ఎంత దూరం పోతుందో ఈ ఊర్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి. నాకు ఆయన మీద కోపం పోలేదు. అయినా ఇంక వాదించకుండా లేచాను. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, నవ్వేవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నానని ఆయనకు చెప్పాను. ఆయన తల ఊపాడు, ముందే తెలిసినట్టు.

మీరు ఆళ్లగడ్డవాళ్లయితే, ఆమె గురించి ఎవరైనా ప్రార్థనకు పోతూ పోయింది అంటే, కాదని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఈ ఏడు ఆగస్టులో కాలవకు నీళ్లు వదిలాక ఆమె ఈదిన తీరు చూసినవాళ్లు తక్కువ. వంతెన నుంచి తూముకు పోవడం మానేసింది. బట్టలుతికే బండ ఒకటి గట్టున ఉంది. దాని దగ్గర దిగి, నీళ్లు వచ్చే వైపుకు ముఖం పెట్టి ఈదేది. మొదటి వారాల్లో గంటసేపు చేతులు ఆడించి, ఫర్లాంగున్నర వెనక్కి కొట్టుకుపోయి లేచేది. నేను గట్టు మీద వెనక్కి వెనక్కి నడిచేదాన్ని. సెప్టెంబరులో యాభై గజాలు. అక్టోబరులో నడవాల్సిన పని లేకపోయింది. బండ మీద కూర్చున్నాను. ఈ ఏడు ఈత శనివారానికి, సైకిలు ఆదివారానికి మార్చుకుంది. పోయిన శనివారం, నేను నంద్యాలకు తిరిగి పోయే ముందు, గేదెల్ని తోలుకుపోతున్న ఒక అవ్వ ఆగి, చాలాసేపు చూసి, "ఏం పాపా, ఆయమ్మి ఆడనే ఉండాదే. కాలు గిన ఇరుక్కుందా?" అని అడిగింది.

"లేదవ్వా. ఈదుతాంది."

"యాడికి?"

నేను చెప్పేలోపే గేదెలు ముందుకు పోయాయి, అవ్వ వాటి వెనక పోయింది. ఆకులు, నురగ, ఎవరో పైన పారేసిన బంతిపూల దండ, అన్నీ ఆమెకు రెండు పక్కలా కిందికి పోతున్నాయి. ఆమె చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. గడియారం చూసి తల ఎత్తేసరికి ఆమె పాదాలు, రబ్బరు బ్యాండ్లతో, బండకు అర గజం ఎగువన ఉన్నాయి.