నీళ్లు పోయనిదే రాయి కోయనివ్వలేదు

అమీర్‌పేటలో మేడమేడకూ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు వెలుస్తున్న రోజులవి. నేను గ్రానైట్ పనిలో కూలీని. మా ఆయన అదే రాయి కోసి కోసి మంచాన పడ్డాడు. "టీబీ కాదమ్మా, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఇది నయం కాదు" అని పంజాగుట్టలో డాక్టరుగారు చెప్పారు.

ఆ మర్నాడు అలాంటి ఒక కొత్త సెంటర్ మూడో అంతస్తులో మా మరిది రాయి కోసే మిషన్ పట్టుకున్నాడు. దుమ్ము లేవకుండా నేను బ్లేడు మీద నీళ్లు పోయబోతే కాంట్రాక్టర్ ఆపాడు.

"నీళ్లొద్దు. కారితే కింద కంప్యూటర్లు పాడవుతాయి."

నేను వెళ్లి ఆ రాయి మీదే కూర్చున్నాను.

"లే అమ్మా, రేపే ఓపెనింగ్."

"లెవ్వ సార్. మా ఇంట్ల ఒకరు మంచాన పడ్డది సాలదా? గీయనను సుత పండవెట్టాల్నా?"

మరిది మిషన్ ఆపి నా పక్కన కూర్చున్నాడు. మాతో పనిచేస్తున్న మిగతా ముగ్గురు కూలీలూ పని ఆపేశారు. చివరికి కాంట్రాక్టర్ రాళ్లన్నీ కిందికి దింపించి, ఆరుబయట నీళ్లు పోయిస్తూ కోయించాడు. మళ్లీ నన్ను పనికి పిలవలేదు.

మా ఆయన ఆ ఏడాదే పోయాడు. నేను ఇప్పటికీ ఏ పనిలో చేరినా ముందు నీళ్లు ఎక్కడున్నాయని అడుగుతాను. పొగరంటారు. అననివ్వండి.