లియోన్ ఓటుకు సాక్షి

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో విస్కాన్సిన్ రాష్ట్రాన్ని ఎవరు గెలుస్తారో ముందే చెబుతానన్నవాణ్ణి క్లియర్‌ఫోర్క్ ఊళ్ళో ఎవరూ లెక్కచెయ్యరు. ముప్పై లక్షల మంది ఓట్లేస్తే ఇరవై వేల పైచిలుకు తేడాతో తేలిపోయే రాష్ట్రంలో జోస్యాలేమిటి? పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది నుంచి వరసగా ఏడుసార్లు డెమొక్రాట్లను గెలిపించిన రాష్ట్రం రెండు వేల పదహారులో రిపబ్లికన్ల వైపు తిరిగింది, ఇరవైలో మళ్ళీ వెనక్కొచ్చింది. టీవీవాళ్ళు రంగుల పటాలు పెట్టుకుని తలలు బద్దలు కొట్టుకుంటారు. ఆ పటంలో ఆవగింజంత చోటు కూడా దక్కని క్లియర్‌ఫోర్క్ టౌన్‌హాల్లో, ఈ తిరుగుళ్ళన్నీ ఒకే పోలింగ్ బల్ల వెనక కూర్చుని చూసిన మనిషి ఆర్డిస్ టాలెఫ్సన్.

ఆర్డిస్‌కు డెబ్భై ఆరేళ్ళు. బతుకంతా ఆవుల పొదుగుల దగ్గరే గడిచింది. భర్త పోయి తొమ్మిదేళ్ళు, ఆవుల్ని అమ్మేసి ఆరేళ్ళు. ఎవరి కోసం ఎక్కువ ఏడ్చావని అడిగితే మాత్రం మాట మార్చేస్తుంది.

ఆ బల్ల దగ్గర రెండు పార్టీల మనుషులూ ఉండాలి. డెమొక్రాట్ల తరఫున ఆర్డిస్, రిపబ్లికన్ల తరఫున పక్క పొలం ఆవిడ లియోన్ క్వాపిల్. ఓటరు చేతికిచ్చే ప్రతి బ్యాలెట్ వెనకా ఇద్దరూ తమ పొడి అక్షరాలు వెయ్యాలి. అలా ముప్పై రెండేళ్ళు వేశారు. వేసీ వేసీ ఆర్డిస్ అక్షరాలు అక్షరాలుగా మిగల్లేదు, ఒక మెలికగా మారాయి.

"మీ ఇద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కదర్రా, ఇంట్లో కూర్చుంటే పెట్రోలైనా మిగులుతుంది" అని లియోన్ మొగుడు బతికున్నన్నాళ్ళూ వేళాకోళం చేసేవాడు. ఇద్దరూ విన్న పాపాన పోలేదు. పదహారులో లెక్క తేలిన సాయంత్రం, యంత్రంలోంచి వచ్చిన కాగితాన్ని ఆర్డిస్ సగం చదివి బల్ల మీద పెట్టేసింది. తన పార్టీ గెలిచిన లియోన్ మిగతాది చదివింది. కాఫీ గిన్నె కడిగి, ఆమెను కార్లో ఇంటి దగ్గర దింపింది. ఇరవైలో గిన్నె కడిగే వంతు ఆర్డిస్‌కు వచ్చింది. ఊళ్ళో సొంత అన్నదమ్ములు మొహమొహాలు చూసుకోవడం మానేసిన రోజులవి. వీళ్ళు మానలేదు. పెద్ద కారణమేమీ లేదు, కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి, అంతే.

రెండు వేల ఇరవై నాలుగు అక్టోబరుకు లియోన్ గుండె బాగా నీరసించింది. ముందు గదిలో మంచం వేశారు. క్రిస్మస్ దాకా కష్టమని డాక్టరు ఆమెకే చెప్పేశాడు. ఓటు పోస్టులో పంపాలి. అలా పంపే ఓటుకు ఒక సాక్షి ఎదురుగా ఉండి, కవరు మీద సంతకం చేసి, పేరూ చిరునామా రాయాలి. లియోన్ ఆర్డిస్‌కు ఫోన్ చేసింది.

"ఏమే, సాక్షి సంతకానికి మనిషి కావాలి. రా."

"ఇంట్లో నర్సమ్మ ఉందిగా?"

"ఆవిడ సంతకం నాకెందుకే? ఈ బ్యాలెట్ వెనక టౌన్ గుమస్తా అక్షరాలు మాత్రమే ఉన్నాయి. నీవీ లేవు, నావీ లేవు. ఇదీ ఒక బ్యాలెట్టేనా? కవరు మీదైనా నీ చెయ్యి పడాలి."

ఆర్డిస్ యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి బిళ్ళలు చేసి పట్టుకెళ్ళింది. లియోన్ దిండుకు ఆనుకుని బ్యాలెట్ విప్పింది.

"అటు తిరుగు. కాపీ కొడతావు."

"నీ దాంట్లో కాపీ కొడితే మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలేస్తాడు."

లియోన్ కవరు అంటించి, సంతకం చేసి, పెన్ను ఆర్డిస్‌కు ఇచ్చింది. ఆర్డిస్ కళ్ళు కవరు మీద లేవు. నీలి నరాలు తేలిన ఆ చేతి మీద ఉన్నాయి. తన చెయ్యి దాని పని అది చేసేసింది. తర్వాత ఇద్దరూ బిళ్ళలు తిన్నారు. కవరును రేపు నర్సు పోస్టులో వేస్తుందంది లియోన్.

ఆ కవరు కుంటుకుంటూ సరిగ్గా ఎన్నికల మంగళవారం నాడే ఊరికి చేరింది. మధ్యాహ్నం రెండింటికి గుమస్తా నాలుగు కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. మూడోది ఆర్డిస్ చేతికి వచ్చింది. పైన లియోన్ సంతకం. కింద సాక్షి గీత మీద ఒక మెలిక. పేరు లేదు, చిరునామా లేదు.

ఆర్డిస్ కవరును కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ముప్పై రెండేళ్ళ అలవాటు, బ్యాలెట్ వెనక వేసే మెలికనే సాక్షి సంతకమనుకుని వేసి వచ్చింది! ఇలాంటి కవరును పక్కన పెట్టెయ్యాలి. రాత్రి ఎనిమిదిలోగా సరిదిద్దకపోతే లోపలి ఓటు చెల్లదు. లియోన్ మంచం దిగలేదు. ఇంకో ఎన్నిక చూడబోవడమూ లేదు.

ఆర్డిస్ దేవతేమీ కాదు. ఆ కవర్లో ఎవరి ఓటుందో ఆమెకు తెలుసు. పక్కన పెడితే తప్పు పట్టే నాథుడు లేడు, నిబంధనే అలా ఉంది. గుప్పెడు ఓట్లతో తలకిందులయ్యే రాష్ట్రంలో అవతలివాళ్ళకు ఒక ఓటు తగ్గుతుంది. కవరు పట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత గట్టిగా పిలిచింది.

"మెర్లిన్, ఇలా రా. నేనో వెధవ పని చేశాను."

మెర్లిన్ స్టూసీ ఆ రోజు పోలింగ్‌కు పెద్ద. వెనకటికి పాల లారీ నడిపేవాడు, ఇద్దరి ఇళ్ళ పాలూ ఇరవై ఏళ్ళు మోశాడు. నిబంధనల పుస్తకంలో వేలు పెట్టి వెతికి, తలెత్తాడు.

"సాక్షి వచ్చి పూర్తి చెయ్యొచ్చు, ఆర్డిస్ గారూ."

"వచ్చే ఉన్నానుగా. పెన్నియ్యి."

"ఇక్కడ కూర్చుని మీరు కవరు మీద గీత గీస్తే, రేపు రెండు పార్టీల లాయర్లూ నా మీద పడతారు. సాక్షిగా రండి."

"సాక్షిగా అంటే ఎలా?"

"వీధి గుమ్మంలోంచి. అందరిలాగే."

ఆర్డిస్ మెడలోని పోలింగ్ సిబ్బంది బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. కోటు తొడుక్కుని పెరటి తలుపులోంచి బయటికి వెళ్ళి, చలిలో పదిహేడు మంది వెనక నిలబడింది. ముందున్న ఆరిన్ లుండే వెనక్కి తిరిగాడు. అతను రిపబ్లికన్, నోరు ఊరుకోదు.

"ఇదేంటమ్మా, పొద్దున్నే వేశావుగా? మీవాళ్ళు రెండేసి వేస్తారని రేడియోలో చెబుతుంటే అబద్ధమనుకున్నా!"

"నోర్ముయ్యి ఆరిన్. ఇప్పుడు మీవాళ్ళ ఓటు కోసమే నిలబడ్డాను."

సంగతి చెప్పేసరికి ఆరిన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పక్కకు జరిగి, "ముందు నువ్వెళ్ళమ్మా" అన్నాడు. ఆమె వెళ్ళలేదు. తన వంతు వచ్చాకే బల్ల ముందుకు వెళ్ళింది.

"పేరు?" అన్నాడు మెర్లిన్, మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా.

"ఇరవై ఏళ్ళు నా పాలు మోసి పేరడుగుతున్నావట్రా?"

"పేరు?"

"ఆర్డిస్ మే టాలెఫ్సన్."

సంతకం పూర్తిగా చేసింది. పేరు రాసింది, చిరునామా రాసింది, ఒక్కో అక్షరం దిద్దినట్టు. కవరును బల్ల దగ్గరివాళ్ళు ఇద్దరు కలిసి తెరిచారు. బ్యాలెట్ బోర్లా ఉన్నది ఉన్నట్టే యంత్రంలోకి వెళ్ళింది. యంత్రం మీద ఓట్ల అంకె రెండు వందల ఎనభై ఏడుకు మారింది.

ఐదు నిమిషాలు సెలవడిగి, ఆర్డిస్ మళ్ళీ బయటికి వచ్చి, గోడ పక్కన నిలబడి ఫోన్ చేసింది.

"నీ ఓటు పడిందే. రెండు వందల ఎనభై ఏడు."

"అమ్మయ్య. మెలిక సరిచేశావా?" అంది లియోన్.

ఆర్డిస్ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది. "నువ్వు చూశావా?"

"ఆ రోజు నువ్వు నా గుమ్మం దాటకముందే చూశాను."

"మరి పిలవొద్దూ? నర్సుతో ఇంకో కాగితమైనా తెప్పించుకోవద్దూ? ఓటు పోయుంటే? నీకిదే ఆఖరి..." అక్కడితో ఆగిపోయింది.

"ఆఖరిదే. అయితే ఏం? వచ్చేది నీ చేతికే కదా. నువ్వు పోనిస్తావా?"

ఆర్డిస్ దగ్గర ఇంకో మాట మిగిలింది. దాచుకుంటే ఆ మాట ఇక జీవితాంతం కాలుస్తుందని తెలుసు.

"లియోన్, అర నిమిషం ఊరుకున్నానే. కవరు పట్టుకుని అర నిమిషం ఊరికే కూర్చున్నాను."

అవతల ఆక్సిజన్ యంత్రం చప్పుడు చేస్తోంది. తర్వాత దగ్గు, దగ్గులోంచి నవ్వు.

"అర నిమిషమేనా? నేనైతే మధ్యలో కాఫీ కూడా తాగొచ్చేదాన్ని."

ఆర్డిస్ నవ్వింది. నవ్వు ఆగాక కూడా కళ్ళు ఆగలేదు. లోపల్నించి మెర్లిన్ కేక వినిపించింది, క్యూ పెరిగిపోతోందని.

"పో, పని చూసుకో" అంది లియోన్.

పోలింగ్ బల్లను ముప్పై రెండేళ్ళలో ఒక్కసారీ ఆలస్యం చెయ్యని మనిషి, ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"ఉండవే. అప్పుడే ఫోన్ పెట్టెయ్యకు."