మలుపు దగ్గర వేయాల్సిన రాయి

ఛత్రినాకలోని మా ఇంటి ముందు గదిలో సగం నా బిడ్డ సైకిలే ఆక్రమించింది. కంకర బాటల మీద, మట్టి మీద తొక్కే సైకిలట. ఆమె వెనక చక్రాన్ని పైకి లేపి తిప్పి వదిలితే టకటకమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. సైకిల్‌ను ఇంతవరకు ముట్టుకోలేదు.

మా అన్న సైకిల్ మీద గల్లీలోకి వచ్చేటప్పుడు తొక్కడం ఆపేసి చక్రాన్ని దానంతట పోనిచ్చేవాడు. ఆ టకటక విని నేను అన్నం పెట్టేదాన్ని. ఒక శివరాత్రికి దోస్తులతో సైకిళ్ల మీద శ్రీశైలం బయలుదేరి, నల్లమల దిగుడులో పడి చనిపోయాడు. బ్రేకు తెగిందని ఒకరన్నారు, ఏదో అడ్డమొచ్చిందని ఇంకొకరన్నారు. మనిషిని తెచ్చారు, సైకిల్ మాత్రం లోయలోనే ఉండిపోయింది. అయినా కొన్ని మధ్యాహ్నాలు గల్లీలో ఆ చప్పుడు వినిపిస్తుంది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు.

మొన్న బిడ్డ వంటింట్లో నా పక్కన కూర్చుని ఫోన్‌లో మ్యాపు తెరిచింది.

"గిటు ఎక్కితే అంతా అడివే అమ్మా. మస్తుంటది. రెండు దినాలు తొక్కుడే."

"ఒక్కదానివేనా?"

"నలుగురం. పర్మిషన్ గూడ అయింది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నాకు చదువు వచ్చింది యాభై దాటాకే. కనబడిన ప్రతి పేరూ కూడబలుక్కోవడం అలవాటు. మ్యాపులో ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ పోయి ఒక పేరు దగ్గర ఆగిపోయాను. అన్న దోస్తుల నోట విన్న ఊరు. అది దాటాక రెండో మలుపులో పడ్డాడని చెప్పారు. వేలితో జరిపి చూశాను. మలుపు ఉంది. దాని చుట్టూ పచ్చరంగు తప్ప ఏమీ రాసి లేదు.

"ఈ బాట వద్దు బిడ్డా."

"ఏందమ్మా, పులులని భయమా? మమ్మల్ని జూస్తే అవే ఉరుకుతయ్."

చెప్పాను. నవ్వు ఆపేసింది.

"మామ గక్కడనా పోయింది?" ఫోన్ పక్కన పెట్టి మళ్లీ అంది, "కొండెక్కనీకె గదొక్కటే దారి. నువ్వు వద్దంటే పోనమ్మా. ఆరు నెలల సంది తయారైతున్న. అయినా పోను."

అలిగి ఆ మాట అన్నా బాగుండేది. నిజంగానే మానేస్తుందని తెలిసింది నాకు.

ఆ మలుపు దగ్గర అన్న దోస్తులు రాళ్లు పేర్చారట. అటు పోయేవాళ్లు ఒక్కొక్క రాయి వేసి దండం పెట్టుకుని దిగుతారట. మా ఇంటి నుంచి ఒక్క రాయి కూడా వెళ్లలేదు. మా అమ్మ ఆ దిక్కు పేరే ఎత్తనిచ్చేది కాదు.

మర్నాడు బిడ్డ సంచీ సామానంతా నా వంటింటి తక్కెడలో ఒక్కొక్కటే పెట్టి తూచింది. పోకున్నా బరువెంతో చూసుకుంటానంది. బరువు తగ్గించడానికి పళ్ల బ్రష్షును కూడా సగానికి కోసింది. నేను బయటికి వెళ్లి, పైపుల కోసం తవ్విన గల్లీలోంచి ఒక నల్లరాయి ఏరి, కడిగి తెచ్చి ఆ సామాను మధ్య పెట్టాను.

"గిదేంది? బరువని బ్రష్షు కోసుకున్న నేను!"

"మిగిలిన సగం గూడ కోస్కో."

నా ముఖంలోకి చూసింది. రాయిని తక్కెడలో పెట్టకుండానే సంచీలో అడుగున సర్దింది.

"ఏసినంక ఏం జెయ్యాలె?"

"ఏం లేదు. మెల్లగ దిగు."

ఆమె స్నానానికి వెళ్లాక ముందు గదిలోకి వచ్చాను. వెనక చక్రం మీద చెయ్యి వేసి తిప్పాను. టకటక. అన్న సైకిల్ కన్నా సన్నగా, వడిగా ఉంది. ఆగిపోయాక మళ్లీ తిప్పాను, మళ్లీ విన్నాను. ఆమె తిరిగొచ్చే రోజు గల్లీలో చప్పుడైతే, అది ఎవరిదో నేను గుర్తుపట్టాలి.