నాపరాళ్ళ మీద నేర్చిన ఇంగ్లీషు

మా ఊరికి రావలసిన మంచినీళ్ళ బావిని, తవ్వకముందే ఇంగ్లీషుతో పూడ్చబోయిన ఘనుణ్ణి నేను. గురజాల వైపు ఇప్పటికీ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే పక్క సందులోకి తప్పుకుంటాను. ఇంకొకరు చెప్పేకన్నా నేనే చెప్పేస్తే పరువు కొంతైనా దక్కుతుందని ఈ ప్రయత్నం.

అవి తెల్లదొరల పాలన చివరి రోజులు. నరసరావుపేటలో స్కూలు ఫైనలు గట్టెక్కి ఇంటికొచ్చాను. ఇంగ్లీషులో మాత్రం గట్టు అంచు పట్టుకుని వేలాడుతూ ఎక్కాను. "నీ దగ్గర మాటలు లేవురా" అన్నారు ఇంగ్లీషు మాస్టారు. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువు కొని, అందులోని కఠినమైన మాటలన్నీ కంఠతా పట్టేదాకా నిద్రపోకూడదని తీర్మానించుకున్నాను. నిద్రపోయాను లెండి, తీర్మానం మాత్రం మేలుకునే ఉంది.

మా ఇంట్లో నేలంతా నాపరాళ్ళు. పొద్దున్నే ఒక్కో రాయి మీద సుద్దముక్కతో ఒక్కో మాటా, దాని కింద అర్థమూ రాసేవాణ్ణి. రాయి మీద కాలు పెట్టాలంటే ఆ మాట, అర్థం చూడకుండా అప్పజెప్పాలి. తప్పితే మళ్ళీ గుమ్మం దగ్గర్నుంచి నడక. అమ్మ తడిగుడ్డ పెట్టేలోగా వంటింటికి చేరకపోతే ఆ పూట అన్నం లేదని నాకు నేనే శిక్ష వేసుకున్నాను.

"ఏందిరా ఈ తొక్కుడుబిళ్ళ, ఇరవయ్యేళ్ళొచ్చి?" అనేది అమ్మ.

"చదువమ్మా. తుడవమాక."

"నీ చదువు కోసం ఇల్లు మురికి పెట్టుకోమంటావా?"

నాలుగు నెలలు అలా గెంతాను. చానా పస్తులున్నాను కూడా. చివరికి చిన్న మాటలంటే నాకు చులకన పుట్టింది. 'వాటర్', 'వెల్' లాంటివి ఫస్టు ఫారం పిల్లల మాటలు. అవి నా నోట రావడమా?

ఇంతలో ఊరికి కలెక్టరు దొర వస్తున్నాడని కబురొచ్చింది. మా ఊరి బావి కూలిపోయి రెండేళ్ళు. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి వాగునీళ్ళు మోసుకొస్తున్నారు. దొర ఊఁ అంటే కొత్త బావి వస్తుంది. మునసబు వెంకయ్య బాబాయి నన్ను పిలిపించాడు.

"ఒరేయ్ శేషూ, దొర అరగంటే ఉంటాడంట, మాచర్ల పోవాలంట. మంచినీళ్ళ బావి కావాలని చెప్పు. అంతే. ఎక్కువ మాట్లాడమాక."

"నువ్వు చూస్తా ఉండు బాబాయ్."

చావడి ముందు దొర కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు. నేను గొంతు సవరించుకున్నాను.

"మాగ్నానిమస్ సర్, ది డెనిజెన్స్ ఆఫ్ దిస్ హామ్లెట్ ఆర్ లాంగ్విషింగ్ ఇన్ ప్రొడిజియస్ ఆరిడిటీ."

ఉదారులైన దొరవారూ, ఈ పల్లె జనం నీటిచుక్క లేక అలమటిస్తున్నారని దాని తాత్పర్యం. ఆ మాటలు నేను పుస్తకంలో చూసినవే తప్ప ఎవరి నోటా విన్నవి కావు. నేను పలికిన తీరులో దొర కూడా ఎన్నడూ వినలేదని ఆయన మొహమే చెప్పింది. తెల్ల మొహం మరింత తెల్లబోయింది. ఇంగ్లీషుతో లాభం లేదనుకున్నాడో ఏమో, తెలుగులోకి దిగాడు.

"భవదీయ మనోరథం ఎయ్యది?"

ఆడవాళ్ళు గబగబా చేతులు జోడించారు. "మంత్రం చదువుతున్నాడే" అంది మా పక్కింటి మంగమ్మత్త.

"ఏమంటున్నాడురా?" అన్నాడు బాబాయి.

"తెలుగే బాబాయ్."

"తెలుగైతే నాకర్థం కాదేంది?"

దొర జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. తెలుగు నిఘంటువు. పాపం, ఆయన చదువూ నా చదువులాంటిదే. నేను చంకలోంచి నాది తీశాను. ఇద్దరం ఎదురెదురుగా పేజీలు తిప్పుతూ కూర్చున్నాం. అరగంట కరిగిపోయింది. జీపు డ్రైవరు హారను కొట్టాడు. దొర లేచాడు. 'వాటర్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతమందిలో అంత చిన్న మాట అనడానికి సిగ్గుపడి మింగేశాను. నిజంగా మింగేశాను.

మంగమ్మత్త చూసి చూసి లేచింది. దొర బూట్ల ముందు బిందె బోర్లించింది. ఒక్క చుక్క రాలలేదు. దూరంగా వాగు వైపు చెయ్యి చూపి, ఆ చేత్తోనే తన మెడ పట్టుకుంది.

"నో వాటర్?" అన్నాడు దొర.

"నో" అంది మంగమ్మత్త, అక్షరం ముక్క రాని మనిషి.

"వెల్?"

ఆ మాట ఆమెకు తెలియదు. నా వైపు చూసింది.

"యెస్" అన్నాను. నాలుగు నెలల చదువులో ఆ రోజు పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

ఎండాకాలం ముదరకముందే బావి పడింది. తొలి బిందె తోడిన రోజు, ఊరందరి ముందూ ఒట్టేస్తేనే నీళ్ళు పోస్తానంది మంగమ్మత్త. నేను చేదతాడు పట్టుకుని, కళ్ళు మూసుకుని, గంభీరంగా అందుకున్నాను.

"అద్యప్రభృతి ఆడంబర పదప్రయోగమును త్రికరణశుద్ధిగా పరిత్యజించుచున్నాను."

"ఏంది?"

"ఇంకెప్పుడూ అట్టా మాట్లాడనత్తా."

ఆమె నా దోసిట్లోకి బిందె వంచి, వంచినట్టే ఆపింది.

"దీన్నేమంటార్రా?"

"నీళ్ళత్తా."

"తాగు" అంది.